వ్రేలిముద్రయు, యజమాని బాధ్యతయు

విడవలూరు ప్రాంతమున రొయ్యల చెరువులోనో, ధాన్యపు మిల్లులోనో పనికి కుదురువాడు మొదట సమర్పింపవలసినవి ఆధార్ కార్డు నకలు, బ్యాంకు పుస్తకపు మొదటి పుట, ఫోను నంబరు. ఇవి మేస్త్రి చేతినుండి గుమాస్తాకు, గుమాస్తా ఫోనునుండి మరియొక ఫోనునకు ప్రయాణము చేసి, తుదకు తాళములేని సొరుగున పడియుండును. నగదుపెట్టెకు రెండు తాళములు వేయు యజమాని యీ కాగితములకు ఒక్కటియైనను వేయడు. ఇది కేవలము అజాగ్రత్త కాదు, పరుల సొత్తును పాడుచేయుటయే యని మా యభిప్రాయము.

ఈ కాగితములవలన దొంగకేమి లాభమని కొందరడుగవచ్చును. 2018లో తెలంగాణమున ఒక సిమ్ కార్డుల వర్తకుడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి భూమి దస్తావేజులను తీసి, వానిపైనున్న వ్రేలిముద్రలకు నకళ్లు చేయించి, వేలకొలది సిమ్ కార్డులను చెలామణిలోనికి తెచ్చెనని పోలీసులు వెల్లడించిరి. తరువాత నిట్టి నకిలీ ముద్రలతోనే పరుల ఖాతాలనుండి సొమ్ము తీసిన ముఠాలును పట్టువడినవి. గ్రామములలో బ్యాంకు ప్రతినిధియొద్ద సొమ్ము తీయుటకు బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వ్రేలిముద్ర చాలును గదా! రహస్యపదము పోయిన మార్చుకొనవచ్చును. బొటనవ్రేలిని మార్చుకొనుట యెట్లు? కూలివానికి వచ్చిన యాపదయే పొలము అమ్మిన, కొనిన ప్రతి రైతునకును వచ్చుననుట మన పాఠకులు గుర్తింపవలయును.

చట్టము లేకపోలేదు. పరుల గుర్తింపును అపహరించినవానికి సమాచార సాంకేతిక చట్టము 66సి విభాగము మూడేండ్లవరకు చెర, లక్ష రూపాయలవరకు జరిమానా విధించుచున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేయని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. 2023లో వెలసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తగు భద్రత చేయని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు దండన విధింపవచ్చునన్నది.

అయినను ఆ చట్టమునందు రెండు సందులు గలవు. ఉద్యోగ ప్రయోజనములకై యజమాని పనివాని సమ్మతి లేకయే వాని సమాచారమును వినియోగింపవచ్చును. కంప్యూటరునకెక్కని కాగితమునకు ఆ చట్టమే వర్తింపదు. కాబట్టి సొరుగులోని జిరాక్సు ప్రతికి యజమాని మనస్సాక్షియే కావలి. సమ్మతి నడుగనక్కరలేని యధికారము చేతికి వచ్చినపుడు బాధ్యత రెట్టింపగునే గాని తగ్గదు.

ప్రభుత్వ మార్గమును నిలకడగా లేదు. 2022 మే నెలలో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయము నకళ్లను విచ్చలవిడిగా నీయవలదని హెచ్చరించెను. రెండుదినములలోనే ఆ హెచ్చరిక ఉపసంహరింపబడెను! జనులు దేనిని నమ్మవలయును?

మనము చేయదగినవి కష్టసాధ్యములు కావు. చట్టము పూర్తి సంఖ్యను కోరని చోట చివరి నాలుగంకెలు మాత్రమే కనుపించు ఆధార్ ప్రతిని గైకొనవలయును. పని ముగిసిన పిదప అక్కరలేని కాగితములను చించివేయవలయును. పనివారి పత్రములను వాట్సాప్ గుంపులలో పంపుట మానవలయును. హాజరు యంత్రములోని ముద్రలు ఎవరి యధీనమున నుండునో యజమాని యెరిగియుండవలయును. ఆధార్ సంస్థ కల్పించిన బయోమెట్రిక్ తాళమును వేసికొనుట పనివారికి నేర్పవలయును. సొమ్ము పోయిన వెంటనే 1930కు ఫోను చేసి బ్యాంకునకు తెలుపవలయును. దొంగలు పడిన ఆరునెలలకు మొరిగిన ప్రయోజనమేమి?

కూలి యెగవేసిన యజమానిని గ్రామము నిందించును. పనివాని పేరును, వ్రేలిని దొంగలపాలు చేసినవానిని సైతము అట్లే నిందించు దినము రావలయును. నమ్మి యిచ్చిన కాగితము అప్పుగా తెచ్చిన ధనమువంటిది; దానిని భద్రముగ కాపాడి ఋణవిముక్తులగుట యజమానుల విధి.