ధర్మపురి రాతిలో గుర్రం ఎందుకు లేదు

ధర్మపురి జిల్లా సోగత్తూరు వైపు బావి తవ్వితే పైమట్టి పోయాక తగిలేది గట్టిరాయి. ఆ ప్రాంతపు రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నేల లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఉడికి గట్టిపడ్డ ఆ రాళ్లలో ఎముక కాదు కదా, గవ్వ కూడా దొరకదు. ‘గుర్రాలు మారుతూ వచ్చాయంటారే, మన నేలలో ఆ ఆనవాళ్లేవీ?’ అని అక్కడివారు ఎవరైనా అడిగితే ప్రశ్న సబబే గాని, వెతికే చోటు వేరు. శిలాజాల సాక్ష్యానికి బలం ఎముకల ఆకారం ఒక్కటే ఇవ్వదు. ఏది ఏ పొరలో ఉంది, ఏ పొరలో లేదు అన్న వరసే ఎక్కువ బలం. గుర్రం విషయంలో దాదాపు రెండు శతాబ్దాల తవ్వకాల్లోనూ ఆ వరస తప్పలేదు.

శివాలిక్ కొండలనే తీసుకోండి. కాలువల ఇంజనీరు కాట్లీ, వైద్యుడు ఫాల్కనర్ 1830లలో అక్కడ శిలాజాలు ఏరారు. కింది పొరల్లో ఏనుగుల పాత చుట్టాలున్నాయి, ఖడ్గమృగాలున్నాయి, గుర్రం మాత్రం లేదు. సుమారు 1.08 కోట్ల ఏళ్ల కిందటి పొరల్లో హిప్పారియన్‌లు కనిపిస్తాయి, కాలికి మూడేసి వేళ్లున్న గుర్రాలు. ఒంటిగిట్ట గుర్రం, అంటే ఈక్వస్, సుమారు 26 లక్షల ఏళ్ల కిందట గాని రాదు. ఇవేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. వీటి పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడ 5.5 కోట్ల ఏళ్ల కిందట నక్కంత జంతువు ఉండేది. ముందుకాళ్లకు నాలుగేసి, వెనకకాళ్లకు మూడేసి వేళ్లు, ఆకులు నమిలే పొట్టి పళ్లు. దాని సంతతిలో కొన్ని, ఇప్పటి బేరింగ్ జలసంధి చోట నేల ఉన్న కాలాల్లో ఆసియాకు దాటివచ్చాయి. దక్షిణాదిన దొరికినవి ఈ కథలో చివరి పుటలవి. తమిళనాడులోనే, తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలో, 15 లక్షల ఏళ్ల నాటి రాతి పనిముట్లు బయటపడ్డ చోటే గుర్రం జాతి పన్ను కూడా దొరికింది. 1863లో ఆ చోటును వెలుగులోకి తెచ్చిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1884-85లో కొడుకుతో కలిసి బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వించాడు. అక్కడి ఎముకల్లో గాడిద జాతివీ ఉన్నట్టు శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ గుర్తించాడు.

పాత పుస్తకాల్లోని బొమ్మ తప్పని తేలింది కదా అనేవారున్నారు. నిజమే. చిన్న గుర్రం, పెద్ద గుర్రం, ఇంకా పెద్ద గుర్రం అంటూ ఒకే వరసలో నిలబెట్టిన ఆ నిచ్చెన తప్పు. నానిప్పస్ వంటి కొన్ని శాఖలు పెరగడానికి బదులు చిన్నవయ్యాయి. హిప్పారియన్ మూడు వేళ్లతోనే ఉంది, పళ్లు మాత్రం అప్పటికే పొడుగువి. అంటే పళ్లూ కాళ్లూ ఒకే అడుగులో మారలేదు. గడ్డిమైదానాలు పరుచుకున్న కాలంలో, గడ్డిలోని సిలికాకూ దాంతోపాటు నోట్లోకి వచ్చే ఇసుకకూ పొట్టి పన్ను నిలవదు. ఇప్పటి గుర్రం దవడపన్ను చూస్తే, పైకి కనిపించేది కొంతే, మిగతాదంతా దవడలో దాగి అరిగినకొద్దీ పైకి వస్తుంది. బొమ్మను సరిదిద్దినవారు పరిణామ విరోధులు కారు. కొత్త ఎముకలు దొరికేకొద్దీ శిలాజ శాస్త్రవేత్తలే నిచ్చెన తీసేసి కొమ్మలు గీశారు. కొమ్మలెన్ని పెరిగినా పొరల వరస మాత్రం తారుమారు కాలేదు. ఒంటిగిట్ట గుర్రం ఆ నక్కంత జంతువు పొరలో ఒక్కసారి దొరికితే చాలు, ఈ కథంతా కుప్పకూలుతుంది.

ఇంకో వాదం కాస్త గట్టిది: అవన్నీ గుర్రంలోనే రకాలు, గుర్రం గుర్రంగానే ఉంది అని. కానీ ఆ మొదటి జంతువుల దగ్గరి బంధువు ఒకటి 1841లో రిచర్డ్ ఓవెన్ చేతికొచ్చినప్పుడు, దానికి గుర్రంతో సంబంధం ఉంటుందన్న ఊహే ఆయనకు రాలేదు. హైరాక్స్ అనే కుందేలంత జంతువును తలపించేలా హైరాకోథీరియం అని పేరు పెట్టాడు. గుజరాత్‌లో సూరత్ దగ్గర వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన క్యాంబేథీరియం ఇంకా మొదట్లోది. గుర్రం, ఖడ్గమృగం, టాపిర్ కుటుంబాలు విడిపోకముందరి మొదలుకు అది దగ్గరి చుట్టం. ఇక బతికున్న గుర్రం సంగతి. దాని ముంగాలి నడిమి ఎముక వెనక అటూ ఇటూ చేత్తో తడిమితే రెండు సన్నని పుల్లల్లాంటి ఎముకలు తగులుతాయి. కిందికి దిగేకొద్దీ సన్నబడి, గిట్టను చేరకముందే ఆగిపోతాయి. పోయిన పక్కవేళ్ల మిగులు అవి. ఒంటివేలితోనే తయారైన జంతువుకు ఆ మిగులు ఎక్కడిదో ఆ వాదం చేసేవారు చెప్పాలి.

ఇంత సాక్ష్యం ఉన్న పరిణామ పాఠాన్నే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి తొలగించింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. పిల్లల మీద భారం తగ్గించామనీ, పన్నెండో తరగతిలో ఎలాగూ ఉందనీ జవాబు. పదితో జీవశాస్త్రం వదిలేసేవారే ఎక్కువ. వారికి పన్నెండో తరగతి పాఠం ఉన్నా లేనట్టే. భారం మాటకొస్తే, ఈ పాఠానికి కావలసింది పాత నిచ్చెన బొమ్మ కాదు, ఒక పొరల పటం. అందులో శివాలిక్, వస్తాన్, అత్తిరంపాక్కం, బిల్లసర్గం గుర్తులు పెట్టి, ధర్మపురి రాతిని అన్నిటికీ అడుగున ఖాళీగా చూపిస్తే ఒక పేజీ సరిపోతుంది.