తిరిగి వచ్చినవాని లెక్క

“వారిని పొమ్మన్న దెవరు?”

మన ఆత్మకూరు పఠనమందిరములో ఒక పెద్దమనుష్యుడు అనిన మాట యిది. 2025 ఫిబ్రవరి 5వ తేదీన అమెరికా సైనిక విమానమొకటి 104 మంది భారతీయులను అమృతసరములో దింపిన వార్త వచ్చిన దినములవి. చేతులకు సంకెళ్లు, కాళ్లకు గొలుసులు వేసి వారిని తీసికొనివచ్చిరి. ఆ సంగతి తెలిసి దేశమంతయు కోపించెను. పఠనమందిరములో నున్న మేమును కోపించితిమి. కోపము న్యాయమైనదే. కాని సంకెళ్లు విప్పిన పిమ్మట ఆ నూటనలుగురు ఏ యింటికి పోయిరి, ఆ యింటిమీద నెంత అప్పున్నది, మరునాటి యుదయమున వారి గడపమీద ఎవరు వచ్చి కూర్చుండిరి అని అడుగవలెనని మాలో నొక్కరికే తోచినది. ఆయన నోరు విప్పగానే పై ప్రశ్న వచ్చినది. సభ అంతటితో ముగిసినది.

ఆ ప్రశ్నకు నేడు జవాబు చెప్పెదము.

ఆ విమానములో వచ్చినవారిలో పెక్కురు పంజాబు, హర్యానా, గుజరాతు ప్రాంతములవారు. మన పాలమూరు మనుష్యుడు సాధారణముగా అంత దూరపు త్రోవ పట్టడు. అతడు పోవునది పూనాకు, బొంబాయికి, బెంగుళూరునకు; కొందరు దుబాయికి, సౌదీకి. త్రోవలు వేరైనను తిరిగి వచ్చిన దినమున అందరి స్థితియు నొక్కటియే. కావున ఊరివారి సంగతియే ముందు చూతము.

పొమ్మన్న దెవరు? కృష్ణానది తెలంగాణములో అడుగుపెట్టునది ఈ సీమలోనే. జూరాల ఆనకట్ట మన పొరుగుననే యున్నది. 1981లో పునాదిరాయి వేసిన ఆ ప్రాజెక్టు ఆయకట్టు లక్ష యెకరములకు కొంచె మెక్కువ. దానిక్రింద భూములు మునిగినవారును, దాని కాలువ యందని మెట్టపొలములవారును ఒకే గుంపులో మేస్త్రీవెంట నడచిరి. నాగార్జునసాగరము మొదలుకొని దేశములోని ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినది పాలమూరు లేబరు. ఒక జిల్లా పేరు కూలికి మారుపేరైన వింత మరెచ్చటను మేము వినలేదు. పరులు సాగు చేసికొనుటకు నీరు తెచ్చు పనికి, తన చేనికి నీరు లేనివాడు పోయెను. ఇక పొమ్మన్న దెవరో వేరుగ చెప్పవలయునా?

పోవువాని విషయమున మన ప్రభుత్వములకు చెప్పరాని శ్రద్ధ. విదేశమునకైనచో పాస్‌పోర్టు, వైద్యపరీక్ష, వలస అనుమతి, బీమా, ఒప్పందపత్రము – అన్నియు 1983 నాటి వలసల శాసనము క్రింద అడుగుదురు. ఆ శాసనమంతయు పోకడను గూర్చినదే. వచ్చినవానికి ఏమి చేయవలయునో అందు వెదకినను కానరాదు. 2025లో క్రొత్త ముసాయిదా నొకదానిని ప్రజాభిప్రాయమునకు విడుదల చేసిరి. వచ్చినవానికి అడిగి పుచ్చుకొనదగిన హక్కుగా అందేమైన నిచ్చెదరేని సంతోషింతుము. వట్టి శుభాకాంక్షగా నుంచెదరేని అది శాసనము కానేరదు.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు మేము మరికొందరు స్వచ్ఛందసేవకులతో కూడ హైదరాబాదు – కర్నూలు రహదారిమీద నీళ్లు, అన్నము పంచితిమి. ఆకలిగొన్నవారు అన్నము నడుగుట సహజము. కాని కడుపు నిండిన తరువాత వారు మాతో చెప్పుకొనినది ఆకలిని గూర్చి కాదు, వ్యాధిని గూర్చియు కాదు. “మేస్త్రీ బాకీ యెట్ల తీరాలె?” అను నొక్కమాటయే. ఆ వేసవిలో శ్రామిక రైళ్లు నడచినవి, వందే భారత్ విమానములు వచ్చినవి, ఊళ్లలో ఉపాధిహామీ పని దొరకినది, బియ్యము దొరకినవి. కాదనము. అయినను ఏడాది తిరుగకమునుపే గుంపులు మరల బస్సెక్కుట కన్నులార చూచితిమి. అన్నము పెట్టి ఆపగలిగితిమి గాని అప్పు తీర్చి ఆపలేకపోతిమి.

ఈ అప్పు పుట్టుక తెలియనివారు మన పట్టణములో నుండరు. అయినను తెలియనట్లు మాటలాడువారు గలరు. పెండ్లికో, ఆసుపత్రికో, బోరుబావికో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చును. ఆలుమగలిద్దరును దానిక్రింద పనికి కట్టుబడుదురు. లెక్కపుస్తకము మేస్త్రీ చేతిలో నుండును. తిండి, చార్జీలు, జ్వరము వచ్చిన దినములు, వానవలన పని నిలిచిన దినములు అన్నియు అందులో తీసివేతలే. కురుమూర్తి జాతరకు ఊరు చేరి లెక్క చూచుకొన్నచో మిగులునది మరల బాకీయే. దానిమీద మరల అడ్వాన్సు. దుబాయికి పోవువానికి మేస్త్రీకి బదులు ఏజెంటు. ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే అని నిబంధన. ఆ హద్దులో పోయినవాని నొక్కని మాకు చూపినచో పఠనమందిరములో శాలువ కప్పి సన్మానము చేయింతుము. తక్కిన సొమ్మంతయు నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదే.

మాయొద్దకు వచ్చిన ఒక కక్షిదారుని సంగతి చెప్పెదము. పేరు, ఊరు అనవసరము. యజమాని అకామా మరల చేయింపలేదు. ఆయన అచ్చటివా రనునట్లు ‘ఖల్లివల్లి’ యై రెండేండ్లు చాటుమాటున బ్రతికి, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాసుమీద ఇల్లు చేరెను. ఏడు నెలల జీతము అచ్చటనే నిలిచిపోయినది. ఇచ్చట అప్పు రెండింతలై కూర్చున్నది. ఒక కార్యాలయమునకు పోగా స్వయముపాధి ఋణమునకు దరఖాస్తు పెట్టుకొమ్మనిరి. ఆయన మాతో ననిన మాట యిది: “సారూ, నాకియ్యాల్సినోడు ఆడున్నడు, నేనియ్యాల్సినోడు ఈడున్నడు. నడుమ ఇంకొకనికి బాకీ పడుమంటరా?”

ఈ మాటలో నున్నంత అర్థశాస్త్రము పథకముల పుస్తకములలో మాకు కనబడలేదు. తిరిగి వచ్చినవానికి మన ప్రభుత్వములు, బ్యాంకులు, దయగల పెద్దలు చూపు మార్గ మొక్కటే: అప్పు తీసికొని దుకాణము పెట్టుము, గేదెను కొనుము, ఆటో నడుపుము. మునిగియున్నవాని నెత్తిన మరియొక మూట పెట్టి ఈదుమనుట యిది. మేమనునది వేరు. వానికి రావలసినదెంత, వాడు న్యాయముగా ఇయ్యవలసినదెంత అను లెక్కను ప్రభుత్వమే ముందుగా కూర్చుండి తేల్చవలయును. ఆ పని చేయక యిచ్చు ఋణ మేజెంటునకో మేస్త్రీకో చేరును. వాడు మరల బస్సెక్కును.

ఇందుకు శాసనము లేదా? కావలసినంత యున్నది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన శాసనము ప్రకారము వెట్టిబాకీ రద్దు. అట్టి బాకీ తీరినదని తెలిసియు దానిక్రింద సొమ్ము పుచ్చుకొనుట నేరము, మూడేండ్లవరకు ఖైదు. బాకీ వెట్టిబాకీయని కూలివాడు చెప్పినయెడల, కాదని ఋజువు చేయవలసిన భారము అప్పిచ్చినవానిదే. కనీసవేతనమునకు తక్కువ కూలికి పని చేయించుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన నిర్బంధశ్రమయే యని సుప్రీంకోర్టు 1982లో, ఢిల్లీ ఏషియాడు పనివారి వ్యాజ్యెములో, తీర్పు చెప్పెను. 1984లో నీరజా చౌదరి వ్యాజ్యెములో ఇంకొక అడుగు ముందునకు వేసి, విడిపించినంత మాత్రమున చాలదు, పునరావాసము కల్పింపనిచో వారు మరల ఆ బంధములోనే పడుదురని హెచ్చరించెను. కేంద్రప్రభుత్వపు 2016 పథకము విడుదలైన పురుషునికి లక్ష రూపాయలు, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు అని వ్రాసినది. కాని నిండుమొత్తము నేరము ఋజువైన తరువాతనే. మన కోర్టులలో నేరము ఋజువగుట కెంతకాలము పట్టునో న్యాయవాదులమైన మేము చెప్పుట సిగ్గుచేటు.

ఈ శాసనము క్రింద ప్రతి జిల్లాకు, ప్రతి డివిజనుకు ఒక నిఘాసంఘము ఉండవలయును. వనపర్తి జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడినది. మన నిఘాసంఘము ఎన్నిమార్లు కూర్చున్నది, ఎన్ని విడుదలపత్రము లిచ్చినది? జిల్లా యధికారులు ప్రకటింతురేని ఈ పుటలోనే అచ్చువేయుదుము.

ఏజెంటుకొరకు వడ్డీకి తెచ్చిన అప్పు వెట్టిబాకీ కాదని న్యాయమెరిగినవారు మమ్ము దిద్దుదురు. నిజమే. దానికి మరియొక శాసనమున్నది: నిజాము కాలపు 1349 ఫసలీ వడ్డీవ్యాపారుల చట్టము. లైసెన్సు లేనిదే వడ్డీవ్యాపారము చేయరాదని అది శాసించుచున్నది. భగేలా ఒప్పందములను అదుపులో పెట్టుటకు నిజాము ప్రభుత్వము సైతము శాసనము చేయవలసి వచ్చెను. రాజరికమున కున్నపాటి సంకోచమైనను ప్రజారాజ్యమునకు ఉండవలదా?

“ఇట్లు బాకీలు కొట్టివేసినచో రేపు పేదవాని కెవడు అప్పిచ్చును?” అని ఇంకొక ప్రశ్న వచ్చును. న్యాయమైన అసలును ఎగవేయుమని మేము చెప్పలేదు. లెక్క చూడుమనుచున్నాము. లెక్కకు భయపడువాడెవడో వానిని అడుగవలసిన ప్రశ్న యిది.

ఇంతలో ఉన్నదియు పోవుచున్నది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల శాసనములో స్థానభ్రంశ భత్య మనునది యుండెను: నెలకూలిలో సగము, తిరిగి ఇయ్యనక్కరలేనిది. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన క్రొత్త కార్మికస్మృతి ఆ శాసనమును తొలగించెను. ప్రయాణపు ఖర్చు మిగిలినది, స్థానభ్రంశ భత్యము పోయినది. పాత శాసనమును సరిగా అమలుచేసినవారు లేరనుట నిజమే. కాని అమలుగాని హక్కును అడుగవచ్చును. కొట్టివేసిన హక్కును అడుగుటకు నోరుండదు. గల్ఫులోని కూలి విషయమును అట్లే. 2020 సెప్టెంబరులో ఆ దేశములకు పోవువారి కనీసవేతనమును మన ప్రభుత్వమే తగ్గించి ఉత్తర్వు లిచ్చెను; గోల పుట్టిన తరువాత 2021లో ఉపసంహరించుకొనెను. మన కూలివాని వెల మనమే తగ్గించినప్పుడు పరాయి యజమానిని నిలిచిపోయిన జీత మేమని యే ముఖముతో నడుగుదుము?

తెలుగువారికి తిరిగివచ్చుట క్రొత్తకాదు. బర్మాలో కోరంగీలని పిలువబడిన మనవారు 1942లో జపానుదాడికి అరణ్యముల వెంబడి నడచి వచ్చిరి. ఎందరో దారిలోనే రాలిపోయిరి. 1964లో అచ్చటి సైనికప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేయగా మిగిలినవారు ఓడలెక్కిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. ఆనాటి భారతప్రభుత్వము బర్మానుండి, సింహళమునుండి వచ్చినవారికొరకు 1969లో రెప్కో బ్యాంకును స్థాపించెను. తిరిగి వచ్చినవారి బాధ్యత రాజ్యముదే యని ఆనాడు ఒప్పుకొనిరి. కాని ఒక భేదమున్నది. బర్మావారు ఆస్తిని అచ్చట పోగొట్టుకొని వచ్చిరి. మనవాడు అప్పును ఇచ్చట పెట్టుకొని పోయి దానిలోనికే తిరిగి వచ్చును. వారికి బ్యాంకు సరిపడెనేమో. వీనికి ముందు కావలసినది లెక్కలు తేల్చు కచేరి. కేరళము ప్రవాసులకొరకు 1996లోనే ప్రత్యేకశాఖను పెట్టుకొనెను. 2008లో సంక్షేమశాసనము చేసికొనెను. మన రాష్ట్రము 2024లో గల్ఫులో మరణించినవాని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ప్రకటించెను. మంచిదే. కాని ప్రాణముతో వచ్చినవానిని గూర్చిన పలుకు శవపేటికను గూర్చిన దానికంటె ఆలస్యము కారాదు.

అదే బర్మాదేశమునుండి, నేటి మయన్మారునుండి, 2025 మార్చిలో వాయుసేన విమానములు ఐదువందలకు పైగా మనవారిని తీసికొనివచ్చినవి. ఉద్యోగమని నమ్మించి తీసికొనిపోయి సైబరు మోసములు చేయించిన స్థావరములనుండి బయటపడినవారు వీరు. అందు తెలుగు యువకులును గలరు. ఊరు వారిని చూచు చూపు దొంగను చూచు చూపు. గల్ఫు ఇండ్లలో పని చేసి వచ్చిన ఆడుబిడ్డను గూర్చి మన అరుగులమీద నడచు మాటలు వ్రాయుటకు మాకు చేయి రాదు. పరదేశములో ఆశ్రయము కోరి కాదనిపించుకొని వచ్చినవానికి ఇంకొక నింద గలదు: స్వదేశములో బ్రతుకలేనని పరులకడ దేశమును నిందించెననుట. అయ్యా, వాడు ఆ కాగితముమీద వ్రాసిన భయము కొన్నిట అబద్ధమే యగుగాక. దాని వెనుకనున్న అప్పు అబద్ధమా? దేశాభిమానమునకు పట్టెడన్నము పెట్టని మనము వానిని దేశద్రోహి యనుటకు తగుదుమా? ఎవడైనను తన దేశమును విడిచి పోవచ్చును, తన దేశమునకు తిరిగి రావచ్చును అని 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన చెప్పినది. తిరిగి వచ్చుట అనగా విమానము దిగుట మాత్రమేనా?

ఇక మన పట్టణము చేయదగినది. పురపాలకసంఘములోను ప్రతి గ్రామపంచాయతిలోను తిరిగి వచ్చినవారి పట్టిక నొకదానిని తెరువవలయును: ఎవరి వెంట పోయిరి, ఎంత అడ్వాన్సు, ఎంత జీతము నిలిచినది. సొమ్ము ఖర్చులేని పని. ఏజెంటుమీద కేసు పెట్టుటకు కేంద్రప్రభుత్వపు అనుమతి కావలయునని చెప్పి పంపివేయుట వాడుక. వలసపోయినవాడు గాని వాని తల్లిదండ్రులు, భార్య, బిడ్డలు గాని ఫిర్యాదు చేసినచో ఆ యనుమతి అక్కరలేదని శాసనమే చెప్పుచున్నది. వెట్టికి గురియైనవానికి 1987 నాటి న్యాయసేవల శాసనము క్రింద వకీలు ఖర్చు లేదు.

వచ్చు ఆదివారము మొదలు ప్రతి ఆదివారము ఉదయము మేమును మరి ఇరువురు న్యాయవాదులును పఠనమందిరములో కూర్చుండెదము. వచ్చువారు మేస్త్రీ యిచ్చిన చీటి, పాస్‌పోర్టు, ఔట్‌పాసు, ఫోనులో సొమ్ము పంపిన జాబితా ఏది యున్నను వెంట తెచ్చుకొనవలయును. ఏ కాగితము లేనివారు పనిచోట తోడున్న మనిషిని తీసికొనివచ్చిన చాలును. “పొమ్మన్న దెవరు” అని యడిగిన పెద్దమనుష్యుడు దయచేసి ఆ యుదయము వచ్చి, లెక్కలు వ్రాయుటకు మా ప్రక్కన కూర్చుండవలసినదిగా కోరుచున్నాము. ఆయన దస్తూరి బాగుండును.