బిళ్ళ కట్టింది... భయపడాలా, వద్దా?



సైటులో కాలికి మేకు గుచ్చుకుంటుంది. రెండో రోజుకల్లా గజ్జల్లో బిళ్ళ కడుతుంది. దెబ్బ ఎక్కడో పాదంలో, వాపు ఎక్కడో తొడ మొదట్లో. అడుగు తీసి అడుగు వేయలేం, కాస్త ఒళ్ళు కూడా వెచ్చబడుతుంది. మన ఊళ్ళో అయితే అమ్మ "బిళ్ళ కట్టిందిరా, అదే పోతుంది" అని పసుపు రాసి పడుకోమనేది. క్యాంపులో అయితే పక్క మంచం మీదివాడు తన పెట్టెలో మిగిలిన రెండు మాత్రలు తీసి ఇస్తాడు. అసలు పాదంలో దెబ్బ తగిలితే గజ్జల్లో ఎందుకు వాస్తుంది? ఇంటర్లో ఈ పాఠం నేనూ బట్టీ పట్టినవాణ్ణే. పరీక్ష రాసి వచ్చాను గానీ ఈ ప్రశ్న మాత్రం తట్టలేదు.

అమ్మ చెప్పిన మాట చాలాసార్లు నిజమే. కానీ అన్నిసార్లూ కాదు. ఏది పోయే బిళ్ళ, ఏది పోని బిళ్ళ అన్నది తెలియక నష్టపోయినవాళ్ళని చూశాను కాబట్టి ఈ వారం దాని సంగతి చెప్పుకుందాం.

మన ఒంట్లో తిరిగే రక్తంలోంచి కొంత నీరు బయటికి ఊరి కండల మధ్య చేరుతుంది. అది సన్నటి గొట్టాల్లోకి వెళ్ళి, పైకి ఎక్కి, మెడ కింద ఎముక దగ్గర మళ్ళీ రక్తంలో కలుస్తుంది. ఈ నీటినే లింఫు అంటారు, మన పుస్తకాల్లో శోషరసం అని రాసేవారు. దీన్ని తోయడానికి గుండెలాంటి పంపు లేదు. గొట్టాలు తమంతట తాము కొంచెం ముడుచుకుంటాయి, మనం నడిచినప్పుడు పిక్కలు నొక్కి పైకి పంపుతాయి. పన్నెండు గంటలు ఒకేచోట నిలబడే డ్యూటీ చేసినవాళ్ళకి రాత్రికి కాళ్ళు పొంగడానికి ఇదీ ఒక కారణం.

ఆ గొట్టాల దారి పొడవునా చెక్‌పోస్టులు ఉంటాయి. అవే లింఫు గ్రంథులు. చిక్కుడు గింజ ఆకారంలో, మామూలుగా చేతికి తగలనంత చిన్నవి, ఒంట్లో సుమారు 600 ఉంటాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పొట్ట లోపల గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గ్రంథిలోకి వచ్చే గొట్టాలు చాలా, బయటికి పోయేవి ఒకటో రెండో. అందుకని నీరు లోపల నిదానిస్తుంది, తనిఖీకి టైము దొరుకుతుంది. గ్రంథి బయటి అంచులో బి కణాలు, వాటి లోపలి వరుసలో టి కణాలు, మధ్యలో క్రిముల్ని మింగే పెద్ద కణాలు కాపు కాస్తాయి. పాదంలో దూరిన క్రిమి ముక్కని మన కణమే ఒకటి మోసుకొచ్చి ఇక్కడ చూపిస్తుంది. ఆ క్రిమిని గుర్తుపట్టే కణం లక్షల్లో ఏ కొన్నో ఉంటాయి. అవి గుర్తుపట్టగానే నాలుగైదు రోజుల్లో వేలకు వేలుగా పెరుగుతాయి. చోటు చాలక గ్రంథి వాస్తుంది. బిళ్ళ కట్టిందంటే అక్కడ ఓవర్‌టైం నడుస్తోందన్నమాట. పాదానికి గజ్జల్లో, చేతికి చంకలో, పన్నుకీ గొంతుకీ దవడ కింద. బిళ్ళ ఎక్కడ వస్తే దానికి కింది దారిలో దెబ్బ ఎక్కడుందో వెతకాలి.

ఇంతకీ ఈ బి ఏమిటి, టి ఏమిటి? ఇది కోళ్ళు చెప్పిన కథ.

నేనుండే కమ్మింగ్ చుట్టుపక్కల కోళ్ళ వ్యాపారం ఎక్కువ. పక్క కౌంటీలో ఉన్న గెయిన్స్‌విల్ ఊరు తనని తాను ప్రపంచ కోళ్ళ రాజధాని అని చెప్పుకుంటుంది. కోడికి తోక దగ్గర, మలద్వారం పైన ఒక చిన్న సంచి ఉంటుంది. ఇటలీ పండితుడు ఫాబ్రీషియస్ 400 ఏళ్ళ కిందటే దాని గురించి రాశాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. కానీ అది ఎందుకుందో ఎవరికీ తెలియలేదు. 1950ల్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోడిపిల్లలకి ఆ సంచి తీసేసి చూశాడు. పైకి ఏ తేడా లేదు. తర్వాత తోటి విద్యార్థి తిమోతీ చాంగ్, క్లాసులో చూపించడానికి కోళ్ళు కావాలంటే ఆ మిగిలిన కోళ్ళే ఇచ్చాడు. వాటికి క్రిముల సూది వేస్తే, రక్తంలో పుట్టవలసిన విరుగుడు, అంటే యాంటీబాడీ, చాలావాటిలో పుట్టలేదు! ఈ సంగతి రాసి పంపితే పేరున్న పత్రిక తిప్పి పంపింది. చివరికి 1956లో కోళ్ళ పెంపకం వాళ్ళ పత్రికలో అచ్చయింది. డాక్టర్లు ఆ పత్రిక ఎందుకు చదువుతారు? కొన్నేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్ ఎలుకల మీద ఇంకో సంగతి కనిపెట్టాడు. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిని అప్పుడే పుట్టిన ఎలుకకి తీసేస్తే అది రోగాలకు తట్టుకోలేక చచ్చిపోతోంది. ఆ తర్వాత 1965లో మినసోటాలో మాక్స్ కూపర్ అనే పిల్లల డాక్టరు, ఆయనతో పనిచేసినవారు కోళ్ళలో ఈ రెండింటినీ కలిపి చూశారు. సైన్యం ఒకటి కాదు, రెండు దళాలని తేల్చారు. సంచిలో తయారయ్యేది యాంటీబాడీ చేసే దళం, థైమస్‌లో తయారయ్యేది నేరుగా వెళ్ళి పోరాడే దళం. సంచి ఇంగ్లీషు పేరు బర్సా, దాని మొదటి అక్షరమే బి. థైమస్ మొదటి అక్షరం టి. ఆ కూపర్‌గారే 2008లో మాకు గంట దూరంలో అట్లాంటాలో ఉన్న ఎమరీ యూనివర్సిటీకి వచ్చారు. 2019లో ఆయనకీ మిల్లర్‌కీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

మనకి ఆ సంచి లేదు. మన బి కణాలు ఎముకల మూలుగలోనే పుట్టి అక్కడే తయారవుతాయి. ఆదివారం మటన్‌లో మూలుగ బొక్క కోసం పోట్లాడుకుంటామే, అదే మూలుగ. టి కణాలు అక్కడ పుట్టి, థైమస్‌కి వెళ్ళి శిక్షణ పొందుతాయి. మహా కఠినమైన శిక్షణ. నూటికి తొంభై అయిదుకు పైగా ఫెయిలై అక్కడే చస్తాయి. మన ఒంటి మీదే తిరగబడేవాటిని బయటికి వదలరు మరి.

కోళ్ళ ఫారంలో పనిచేసి వచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళకి గంబోరో టీకా తెలుసు. ఆ వైరస్ కొట్టేది సరిగ్గా ఈ సంచినే. బతికిన పిల్లలకి కూడా ఆ తర్వాత ఏ టీకా సరిగా పట్టదు, ప్రతి రోగమూ అంటుకుంటుంది. గ్లిక్ కత్తితో చేసిన పని ఈ వైరస్ ఫారంలో చేస్తుంది.

ఇక ప్లీహం. హైదరాబాద్ వైపు మటన్ కొట్లో తిల్లి అంటారు. ఎడమ పక్కటెముకల కింద ఉండి, గ్రంథులు లింఫుని వడపోసినట్టు అది రక్తాన్ని వడపోస్తుంది. మలేరియా పదే పదే వస్తే అది పెరిగి చేతికి గట్టిగా తగులుతుంది. మన పెద్దవాళ్ళు కడుపులో బల్ల పెరిగింది అనేది దీన్నే. అలాంటివాళ్ళని కడుపు మీద గుద్దితే ప్లీహం పగిలి ప్రాణం పోవచ్చు, సరదాకి కూడా గుద్దకండి.

గోదావరి జిల్లాల సోదరులకి ఒక మాట. గజ్జల్లో బిళ్ళ, చలిజ్వరం, కాలు ఎర్రబడి వాయడం మళ్ళీ మళ్ళీ వస్తుంటే బోదకాలేమో చూపించుకోండి. ఆ పురుగులు కాపురం పెట్టేది లింఫు గొట్టాల్లోనే. వాటికి వాడే మందు 1947లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమెరికా రాకముందు నేనొక క్యాంపు ఆఫీసులో టైం షీట్లు రాసేవాణ్ణి. అక్కడ నిజామాబాద్ వైపు తాపీ మేస్త్రీ ఒకాయన ఎండాకాలంలో కూడా మెడకి తువ్వాలు తీసేవాడు కాదు. ఒకరోజు సంతకం పెడుతుంటే తువ్వాలు జారింది. చెవి కింద మూడు బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. "ఏంటన్నా ఇది?" అంటే, "ఏం గాదు తమ్మీ, నొప్పి లేదు గదా" అన్నాడు. ఎనిమిది నెలల నుంచి ఉందట. నొప్పి లేదని ఆయన ధైర్యం. నాకూ అప్పుడు తెలియదు, ఊరుకున్నాను. రెండు నెలలకి అది పగిలి చీము కారడం మొదలైంది. అది గ్రంథుల టీబీ. పాతకాలంలో గండమాల అనేవారు. ఇంటికి వెళ్ళి ఆరు నెలలు మందులు మింగి బాగుపడ్డాడు. మచ్చ మిగిలింది.

ఆయన దాచింది ఉద్యోగం పోతుందని. ఆ భయం ఉత్తిదని నేను అనను. కొన్ని దేశాల్లో టీబీ అని తేలితే వెనక్కి పంపేస్తారు. కానీ దాచినా చివరికి వెళ్ళక తప్పలేదు కదా, పైగా మెడ పగిలాక. గ్రంథుల టీబీ ఒక్కటే ఉండి ఊపిరితిత్తుల్లో లేకపోతే మామూలుగా పక్కవాళ్ళకి అంటదు, కాబట్టి గదిలోవాళ్ళు అలాంటివాణ్ణి వెలివేయకండి. ఇంకొకటి, ఛాతీ ఎక్స్‌రే బాగుందని ధీమా పడొద్దు. మెడలో టీబీ ఉన్నా ఎక్స్‌రే మామూలుగా ఉండొచ్చు. సన్నటి సూదితో బిళ్ళలోంచి తీసి పరీక్ష చేస్తే గానీ తేలదు. మందులు మొదలుపెట్టాక కొందరికి బిళ్ళ తగ్గకుండా కొన్నాళ్ళు ఇంకా పెరుగుతుంది. మందు పనిచేయలేదని మానేస్తారు. మానకండి, డాక్టరుకి చెప్పండి. మన దేశంలో సర్కారు ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. తిండి ఖర్చుకి నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అమెరికాలో ఉన్నవాళ్ళు కౌంటీ హెల్త్ డిపార్టుమెంటులో అడగండి.

గుర్తు ఇదీ. దెబ్బో, పుండో, గొంతునొప్పో ఉండి, ముట్టుకుంటే నొప్పెట్టే బిళ్ళ రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఏ కారణం లేకుండా వచ్చి, నెలైనా తగ్గనిది, రాయిలా గట్టిగా ఉండేది, మెడ ఎముక పైన వచ్చేది, సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం తోడైనది, వీటిలో ఏదైనా సరే డాక్టరుకి చూపించాలి. క్యాన్సరు కూడా ఇలాగే మొదలవ్వచ్చు. పిసకొద్దు, సున్నం బెల్లం పట్టు వేయొద్దు, ఎవరో మిగిల్చిన రెండు మాత్రలు మింగొద్దు.

చంటిపిల్లల తండ్రులకి ఒక సంగతి. బిడ్డకి బీసీజీ వేశాక కొన్ని వారాలకి ఎడమ చంకలో చిన్న బిళ్ళ కట్టిందని ఇంటిదగ్గర్నుంచి ఫోన్ వస్తే కంగారు పడకండి. టీకా వేసేది ఎడమ భుజానికి కాబట్టి తనిఖీ ఆ చంకలో జరుగుతోంది. చిన్నదైతే చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. పెద్దదై మెత్తబడితే మాత్రం డాక్టరుకి చూపించమని చెప్పండి.