యాంటీ ఏజింగ్ క్రీమ్ రాస్తే ముఖం దద్దుర్లా? ‘మొదట్లో మామూలే’ అనుకుంటే పొరపాటే!

ముడతలు తగ్గుతాయని రాత్రి క్రీమ్ రాసుకుని పడుకుంటారు. రెండు రోజులు తిరిగేసరికి కళ్ల చుట్టూ వాపు, ఎర్రటి దద్దుర్లు, ఒకటే దురద. ఇదేంటని చూస్తే రీల్స్‌లో తరచూ వినిపించే సమాధానం.. ‘మొదట్లో అలాగే ఉంటుంది, ఆపకుండా రాయండి’. అసలు చిక్కంతా ఈ మాటతోనే!

మంట వేరు.. అలర్జీ వేరు

రెటినాల్, గ్లైకోలిక్ యాసిడ్ లాంటివి కొత్తగా మొదలుపెడితే చర్మం పొడిబారడం, పొట్టు లేవడం, కాస్త మంట మామూలే. రోజు విడిచి రోజు, కొంచెం కొంచెంగా రాస్తే చాలామందికి సర్దుకుంటుంది.

అలర్జీ అలా కాదు. ఇది మన రోగనిరోధక వ్యవస్థ చేసే పని. ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుందంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఊరుకోదు. మంట కంటే దురద ఎక్కువగా ఉంటుంది. రాసిన చోటు దాటి కూడా పాకుతుంది. కనురెప్పల చర్మం పలచన కాబట్టి చాలాసార్లు ముందు అక్కడే బయటపడుతుంది. ‘అలవాటవుతుందిలే’ అని రాస్తూ పోతే తగ్గదు సరికదా, ముదురుతుంది.

అసలు దోషి ఎవరు?

చాలాసార్లు తప్పు ముడతలు తగ్గించే పదార్థానిది కాదు. వాసన కోసం కలిపే సెంటుది, పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్‌ది. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌తో అలర్జీ కేసులు బాగా పెరగడంతో, రాసి అలాగే వదిలేసే క్రీముల్లో దాన్ని యూరోపియన్ యూనియన్ 2017లో నిషేధించింది.

‘హెర్బల్’ అని ఉంటే భయం లేదా? ఉంది. లావెండర్, నిమ్మజాతి నూనెల్లోని లినలూల్, లిమొనీన్ గాలి తగిలి మారిపోయాక అలర్జీ తెప్పించగలవు.

లేబుల్ చెప్పేదెంత?

ఇంతకుముందు యూరప్‌లో సెంట్లకు సంబంధించి 26 అలర్జీ కారకాల పేర్లు లేబుల్‌పై విడిగా రాయాల్సి వచ్చేది. 2023లో తెచ్చిన నిబంధనతో ఆ జాబితా 80 దాటింది. కొత్త ఉత్పత్తులకు గడువు 2026 జులై 31. మన దగ్గర మాత్రం చాలా డబ్బాలపై ‘పర్‌ఫ్యూమ్’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. ఆ మాట వెనుక పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. తనకు ఏది పడదో తెలిసిన వాళ్లకు కూడా అది ఇందులో ఉందో లేదో తెలిసే దారి లేదు.

మరి ఏం చేయాలి?

* కొత్త క్రీమ్‌ను ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడాలి. ఈ అలర్జీ సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడుతుంది. పది నిమిషాల టెస్టుతో తేలదు.
* దురద, వాపు వస్తే వెంటనే ఆపేయాలి. డబ్బా పారేయొద్దు.. డాక్టర్‌కు చూపించాలి.
* మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ రాసుకోవద్దు.
* మళ్లీ మళ్లీ వస్తుంటే చర్మ వైద్యులు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. వీపుపై అంటించిన పట్టీలను 48 గంటలకు తీసి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తారు.
* ఊపిరి ఆడకపోయినా, పెదాలు, నాలుక వాచినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

చివరిగా ఒక్క మాట. ‘ఏడాదిగా ఇదే వాడుతున్నా, దీంతో రాదు’ అనే ధీమా వద్దు. ఇన్నాళ్లూ పడిన క్రీమే ఒకరోజు పడకపోవచ్చు. చర్మం వద్దంటుంటే.. రీల్ మాట కాదు, చర్మం మాట వినాలి.