లినక్స్‌లో వీడియో కాల్ రాదన్నది సఫేద్ ఝూట్

"లినక్స్ వేయించుకున్నావా? అయితే వీడియో కాల్ సంగతి మర్చిపో భాయ్." ఈ మాట కంప్యూటర్ దుకాణంలో వినిపిస్తుంది, స్కూల్ ఆఫీసులో వినిపిస్తుంది. ఐటీ కంపెనీల్లో పనిచేసే మన రిష్తేదార్ల నోట ఇంకా ఎక్కువ వినిపిస్తుంది. అది నిజమని నమ్మి మనవాళ్లు ఏం చేస్తున్నారు? చక్కగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను దుకాణానికి మోసుకుపోయి, కొన్ని వందలిచ్చి, క్రాక్ చేసిన విండోస్ ఎక్కించుకొస్తున్నారు. లేదంటే అప్పు చేసి కొత్తది కొంటున్నారు.

ఇది సఫేద్ ఝూట్. సుబూత్ మీ జేబులోనే ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లినక్స్ కర్నెలే. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టిన కర్నెల్ అది. జెద్దాలో ఉన్న కొడుకుతో అమ్మీ ఆ ఫోన్‌లో మాట్లాడే ప్రతి కాల్ లినక్స్ మీద నడిచే కాలే. కొన్ని కంపెనీలు లినక్స్ ల్యాప్‌టాప్ కోసం యాప్ తయారు చేయలేదు, నిజమే. కానీ "కంపెనీ యాప్ ఇవ్వలేదు" అనడానికీ "లినక్స్‌కు చేతకాదు" అనడానికీ జమీన్ ఆస్మాన్ ఫర్క్ ఉంది. ఆ ఫర్క్ తెలియకే మన పైసలు పోతున్నాయి.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి. అంటే సుమారు 2018కి ముందు తయారైన ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ఆ దర్వాజా బంద్. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు పక్కన పెట్టేసే మెషీన్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. అక్కడి నుంచి అవి ఎవరి ఇళ్లకు చేరుతాయో తెల్లాపూర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఒకవైపు ఆకాశాన్నంటే టవర్లు. వాటి నీడలో డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, టైలర్లు, వంటపని చేసే ఖాలాలు. పక్కనే కొల్లూరులో 2023 జూన్ 22న ప్రారంభమైన డబుల్ బెడ్‌రూమ్ కాలనీ, మొత్తం 15,660 ఇళ్లు. లాటరీలో ఇల్లు దొరికి పాతబస్తీ నుంచి ఇంత దూరం వచ్చిన కుటుంబాలకు దాదీ అటు, మనవలు ఇటు. వీడియో కాల్ ఇక దుబాయ్ వాళ్ల అవసరమే కాదు, ఒకే షహర్‌లో రెండు కొసల్లో ఉన్నవాళ్ల అవసరం కూడా.

ఇలాంటి ఇంట్లో ఉండేది ఒకటే ల్యాప్‌టాప్. బీటెక్ చదివే బేటీకి అదే, ఆన్‌లైన్‌లో నాజిరా చదివే తమ్ముడికీ అదే. దాని మీద "వీడియో కాల్ రాదు" అని ముహర్ కొట్టేస్తే ఇంటర్వ్యూ పోతుంది, క్లాస్ పోతుంది.

ఇప్పుడు అసలు హకీకత్ చూద్దాం. 2011లో గూగుల్ వెబ్‌ఆర్‌టీసీ అనే టెక్నాలజీని అందరికీ తెరిచి ఇచ్చింది. 2021 జనవరిలో అది అధికారిక వెబ్ ప్రమాణం అయింది. దాని మతలబు సాఫ్: కెమెరా, మైకు, ఎదుటివాళ్ల చెహ్రా, అన్నీ బ్రౌజర్‌లోనే నడుస్తాయి, వేరే యాప్ అక్కర్లేదు. గూగుల్ మీట్ అలాంటిదే. ఫైర్‌ఫాక్స్‌లో గానీ క్రోమ్‌లో గానీ లింక్ తెరిచి, కెమెరాకు ఇజాజత్ ఇస్తే చాలు. ముఫ్త్ అకౌంట్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే గంట వరకు మాట్లాడొచ్చు. జూమ్ అయితే లినక్స్ కోసం సొంత యాప్ కూడా ఇస్తుంది, వాళ్ల సైట్‌లోనే దొరుకుతుంది. ముఫ్త్‌లో 40 నిమిషాలకు కట్ అవుతుంది, కానీ అది విండోస్ వాళ్లకూ అంతే.

జిట్సీ మీట్ సంగతి చాలామందికి తెలియదు. 2003లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఎమిల్ ఇవోవ్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఏ స్కూలైనా, ఏ అంజుమన్ అయినా సొంత సర్వర్ మీద పెట్టుకుని నడుపుకోవచ్చు. వాళ్ల పబ్లిక్ సైట్‌లో 2023 ఆగస్టు నుంచి రూమ్ తెరిచేవాళ్లు లాగిన్ కావాలి. మిగతావాళ్లు మెహమాన్‌లా లింక్ నొక్కి లోపలికి రావచ్చు, అకౌంట్ అడగరు. ఫోన్ నడపడం రాని నానీకి ఇంతకంటే ఆసాన్ దారి నాకు కనిపించలేదు.

ఇంటి మాటలు ఇంట్లోనే ఉండాలనుకునేవాళ్లకు సిగ్నల్ ఉంది. ముందు ఫోన్‌లో రిజిస్టర్ చేసి, తర్వాత ఉబుంటు, మింట్ లాంటి వాటిలో డెస్క్‌టాప్ యాప్‌కు జోడించుకోవాలి. వీడియో కాల్ వస్తుంది, మధ్యలో ఎవరూ వినలేరు, నడిపేది లాభం కోసం కాని సంస్థ. టెలిగ్రామ్ డెస్క్‌టాప్ కూడా లినక్స్‌లో కాల్ ఇస్తుంది.

ఇక తక్లీఫ్ ఎక్కడుందో అదీ చెప్పాలి, దాచితే బేఈమానీ అవుతుంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ 2019 డిసెంబర్‌లో లినక్స్‌కు యాప్ ఇచ్చి, 2022 డిసెంబర్‌లో వెనక్కి తీసుకుంది. ఇప్పుడు బ్రౌజర్‌లో వాడుకోవాలి. ఇంటర్వ్యూకు అది సరిపోతుంది. వాట్సాప్ 2021లో విండోస్, మ్యాక్ యాప్‌లకు కాల్ ఇచ్చింది. లినక్స్‌కు డెస్క్‌టాప్ యాప్ ఇవ్వలేదు, వెబ్‌లోనూ ఏళ్ల తరబడి కాల్ బటన్ పెట్టలేదు. కాబట్టి వాట్సాప్ కాల్‌కు ఫోన్‌నే నమ్ముకోండి. ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ పరీక్ష రాయించే కొన్ని నిఘా సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో అసలే నడవవు. చాలాచోట్ల వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు విండోస్, మ్యాక్, ఐప్యాడ్ రూపాలున్నాయి, లినక్స్‌కు అధికారిక రూపం లేదు. పరీక్ష ఉందంటే ముందే అడిగి తెలుసుకోవాలి.

స్కైప్ చూడండి, ఇబ్రత్ తీసుకోండి. 2003లో మొదలైంది. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్నది. ఖలీజ్‌లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఒక కాలంలో వీడియో కాల్ అంటే స్కైపే. 2025 మే 5న దాన్ని మూసేశారు. విండోస్ ఉన్నవాళ్లకు గానీ లినక్స్ ఉన్నవాళ్లకు గానీ మిగలలేదు. ఇంటి రాబ్తా మొత్తాన్ని ఒకే కంపెనీ దహ్లీజ్ దగ్గర కట్టేసుకుంటే జరిగేది ఇదే.

ఈ గులామీ మనకు కొత్త కాదు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ మన అఖ్బార్లకు పెద్ద ఎహ్సాన్ చేసింది, కాతిబ్ కలం నుంచి నస్తాలీఖ్‌ను తెర మీదికి తెచ్చింది. కానీ అది విండోస్ కోసమే. దాని పాత ఫైళ్లలో ఉన్న ఉర్దూ యూనికోడ్ కాదు, వేరే ప్రోగ్రాంలో తెరిస్తే అక్షరాలు కనిపించవు. తెలుగులో అను ఫాంట్లతో డీటీపీ చేసినవాళ్లకూ ఇదే కథ. రెండు జబాన్లలోనూ ఎన్నో ఏళ్ల రాత ఒక ప్రోగ్రాం తాళంలో ఇరుక్కుపోయింది. ఆ తాళం తెరవడానికి ఇంకా అవస్థ పడుతూనే ఉన్నాం. ఇప్పుడు మాట్లాడుకోవడానికి కూడా అలాంటి తాళమే వేసుకుందామా?

క్రాక్ విండోస్ సంగతికి వస్తాను. "అందరూ వేయించుకుంటున్నారు" అనే జవాబు నాకు చెప్పకండి. జిద్దాలోని ఇంటర్నేషనల్ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988లో కువైట్ ఇజ్లాస్‌లోనే రచన, ఆవిష్కరణల మీద హక్కు షరియత్ గుర్తించే హక్కు అని, దాన్ని కాజేయడం జాయజ్ కాదని ఫైసలా ఇచ్చింది. గోష్త్ కొనేటప్పుడు పదిసార్లు అడిగి తెలుసుకునేవాళ్లం ఇక్కడ ఒక్కసారీ అడగం. దీన్ సంగతి పక్కన పెట్టినా, క్రాక్ ఫైల్ తయారు చేసినవాడు మీ మీద ముహబ్బత్‌తో చేయలేదు. ఆ ఫైళ్లలో వైరస్‌లు దాక్కుని రావడం మామూలు. కెమెరా, మైకు ఉన్న మెషీన్‌ను అలాంటివాడి చేతికిచ్చి, దాన్ని ఆడపిల్లల గదిలో పెడుతున్నాం. లినక్స్ మింట్, ఉబుంటు ముఫ్త్‌గా దొరుకుతాయి. పంచుకోవడానికి వాటి లైసెన్సే ఇజాజత్ ఇస్తుంది. చోరీ అక్కర్లేనిచోట చోరీ ఎందుకు?

దుబాయ్, అబుధాబి, షార్జాలో మనుషులున్న ఇళ్లవాళ్లు ఇది ధ్యాన్‌తో చదవండి. అక్కడ వాట్సాప్ కాల్ ఏళ్ల తరబడి బంద్. అది లినక్స్ తప్పు కాదు, అక్కడి హుకూమత్ ఫైసలా. "వీపీఎన్ పెట్టేయ్" అని ఇక్కడి నుంచి నసీహత్ ఇచ్చే మామూలకు ఒక మాట: 2021 నాటి సైబర్ చట్టం కింద, నేరం చేయడానికి లేదా దాచడానికి వీపీఎన్ వాడితే జుర్మానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌లు, జైలు కూడా పడొచ్చు. అంత రిస్క్ ఒక మజ్దూర్ నెత్తి మీద పెట్టకండి. జూమ్, మీట్, టీమ్స్ అక్కడి అధికారులు అనుమతించిన జాబితాలో ఉన్నవే, ఆ మూడూ మీ లినక్స్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకునేవే. సౌదీలో ఇంటర్నెట్ కాల్స్ మీద రోక్ 2017 సెప్టెంబర్‌లోనే ఎత్తేశారు.

నా అసలు షికాయత్ కంపెనీల మీద కూడా కాదు, చదువుకున్న మనుషుల మీద. ఈ కారిడార్‌లోని ఆఫీసుల్లో రాత్రీ పగలూ నడిచే సర్వర్లలో చాలా భాగం లినక్స్ మీదే నడుస్తాయి. వాటిని నడిపి జీతం తీసుకునే ఇంజినీర్ సాబ్, తన పక్క బస్తీ పిల్ల లినక్స్ ల్యాప్‌టాప్‌తో వస్తే "విండోస్ లేకపోతే కష్టం" అంటాడు. మా వైపు ఒక స్కూల్ పంపిన సర్క్యులర్ చదివాను: పేరెంట్స్ మీటింగ్ ఫలానా యాప్‌లోనే, ఆ యాప్ విండోస్ కంప్యూటర్‌లో ఉండాలి. ఎందుకు ఉండాలి? అదే మీటింగ్ ఒక లింక్‌తో బ్రౌజర్‌లో పెట్టొచ్చు కదా? పెట్టేవాడికి రెండు నిమిషాల పని. పెట్టకపోతే పిల్లవాడి అబ్బాకు నెల జీతంలో సగం.

ఇంకో రాష్ట్రాన్ని చూసైనా షర్మ్ రావాలి. కేరళలో సర్కారీ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఇంత దూరం పోనక్కర్లేదు, గచ్చిబౌలిలోనే స్వేచ్ఛ సంస్థ ఉంది. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. తెల్లాపూర్ నుంచి అది ఎంత దూరమని? మన మొహల్లా నౌజవాన్లలో ఎంతమంది ఒక్కసారి వెళ్లి అడిగారు?

ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు ఇలా చేయండి. లినక్స్ మింట్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికి తీసుకెళ్లండి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి మెషీన్ నడుస్తుంది. వైఫైకి బదులు మీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, మీట్ లింక్ తెరిచి, ఇంట్లోవాళ్లతో అయిదు నిమిషాలు మాట్లాడండి. చెహ్రా కనిపించాలి, ఆవాజ్ సాఫ్‌గా రావాలి. రాకపోతే ఆ మెషీన్ వదిలేయండి, ఇంకొకటి చూడండి. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ కాగానే ఆవాజ్ మందగించడం మామూలే, ఇంటర్వ్యూ రోజు తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. స్క్రీన్ షేర్ కూడా ఒకరోజు ముందే ఆజమాయించండి.

స్కూళ్లు, మదర్సాలు, మస్జిద్ కమిటీలు, ఉద్యోగాలిచ్చే కంపెనీలు, వీళ్లందరిని మనం అడగాల్సింది ఒక్కటే: బ్రౌజర్‌లో తెరుచుకునే లింక్. ఇది భీక్ కాదు, హక్కు. ఫీజు కట్టించుకున్నవాడు, పిల్లల్ని పరీక్షించేవాడు మన ఇంట్లో ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాలో షరతు పెట్టలేడు. వచ్చేసారి అలాంటి సర్క్యులర్ రాగానే గ్రూప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకండి. "మా ఇంట్లో లినక్స్ ఉంది, బ్రౌజర్ లింక్ పంపండి" అని రాయండి. ఒక్కరు రాస్తే నవ్వుతారు. ఇరవై మంది అబ్బాలు, అమ్మీలు రాస్తే లింక్ వస్తుంది.