వద్దన్నది ఆమె, గెలిచింది అతడు

1993లో వచ్చిన ‘నోవేర్ టు రన్’ సినిమాలో శామ్ గిలెన్ జైలు బస్సు నుంచి తప్పించుకున్న ఖైదీ. తలదాచుకోవడానికి అడవిలో ఓ మడుగు పక్కన గుడారం వేసుకుంటాడు. దగ్గర్లోని పొలం క్లైడీది. భర్త పోయాడు, ఇద్దరు పసిపిల్లలు. చుట్టుపక్కల భూములు కొంటున్న హేల్ అనే డెవలపర్‌కు ఆ పొలం కావాలి. అమ్మనని ఆమె తెగేసి చెబుతుంది. అక్కడి నుంచి బెదిరింపులు మొదలవుతాయి. ఊరి పోలీసు అధికారి కూడా హేల్ పక్షమే. ఇక మిగిలిన దిక్కు ఆ ఖైదీ. ఆ పాత్ర యాక్షన్ హీరో వాన్ డామ్‌ది కాబట్టి తర్వాత ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

కథ పాతదే. 1953 నాటి ‘షేన్’లో వయోమింగ్ లోయలోని చిన్న రైతులను పశువుల మంద యజమాని తరిమెయ్యాలనుకుంటాడు. గతమేమిటో చెప్పని తుపాకీ వీరుడొకడు వచ్చి వాళ్లను కాపాడి తన దారిన తాను పోతాడు. మన ‘అతడు’ (2005)లోనూ కిరాయి హంతకుడు వేరొకరి పేరుతో ఓ ఇంట చేరి, ఆ ఇంటికే అండ అవుతాడు. ఇలాంటి కథలంటే జనానికి ఇష్టం ఎందుకో నాకు అర్థమవుతుంది. సర్వే నంబరు సరిచేయించుకోవడానికి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి చెప్పులరిగినవాడికి, ఒక్క దెబ్బతో న్యాయం జరిగిపోవడం ఎంత ఊరటో! ఆ కోరికను తప్పు పట్టను.

నా అభ్యంతరం వేరు. సినిమాలో అసలు ధైర్యం క్లైడీది. శామ్ ముఖం కూడా చూడకముందే, ఒంటరిగా, డబ్బు కాదనుకుని ఆమె ‘అమ్మను’ అంది. ఆ మాట మీద ఎలా నిలబడింది, రాత్రుళ్లు పిల్లల్ని చూసి ఏమనుకుంది అన్నవి సినిమాకు పట్టవు. ద్వితీయార్ధానికి వచ్చేసరికి ఆమె కాపాడవలసిన ఆడమనిషి మాత్రమే. పొలం నిలిచింది ఆమె నిరాకరణ వల్ల కాదు, అతడి పిడికిలి వల్ల అన్నట్టు ముగుస్తుంది.

నిజ జీవితంలో పిడికిలికి అందే శత్రువు తరచుగా ఉండనే ఉండడు. కనెటికట్ రాష్ట్రంలోని న్యూ లండన్‌లో సుజెట్ కీలో తన గులాబీ రంగు ఇల్లు అమ్మనంది. ఆమె మీదికి రౌడీలెవరూ రాలేదు. నగర పాలక సంస్థే అభివృద్ధి పేరుతో ఆ ఇంటిని స్వాధీనం చేసుకోవాలనుకుంది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో నగరం వైపు నిలిచింది. కీలో వెళ్లిపోవలసి వచ్చింది. ఆ అభివృద్ధికి ఊతమవుతుందనుకున్న, పక్కనే ఉన్న ఫైజర్ కంపెనీ 2009లో ఆ ఊరు వదిలి వెళ్తానని ప్రకటించింది. ఇళ్లు ఖాళీ చేయించిన స్థలం ఏళ్ల తరబడి బీడుగానే పడి ఉంది. అక్కడ శామ్ ఎవరిని కొట్టాలి?

‘వద్దు’ అన్న మాట గెలిచిన సందర్భమూ ఉంది. 2013లో మన సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు జరిగాయి. కొండ మీద బాక్సైట్ తవ్వకానికి పన్నెండూ ఒప్పుకోలేదు. ఆ కొండల్లోని డోంగ్రియా కోందు ఆదివాసుల కోసం ఏ వీరుడూ రాలేదు. అటవీ హక్కుల చట్టం వాళ్ల మాటకు బలమిచ్చింది, వాళ్లు ఆ మాట మీద నిలబడ్డారు.

అదే ఏడాది వచ్చిన భూసేకరణ చట్టం, ప్రైవేటు కంపెనీల కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కుటుంబాల అంగీకారం ఉండాలంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తర్వాత సవరణలు చేసి, కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ చట్టం తప్పనిసరి చేసిన సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేకుండా చేసుకున్నాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా భూమి తీసుకోవాలన్న ఈ తొందర మారలేదు. దానికన్నా నన్ను బాధించేది మరొకటి. ఆ 80 శాతం లెక్కలోకి వచ్చేది భూ యజమానులు, ప్రభుత్వం నుంచి భూమి పొందినవాళ్లు. ఆ భూమినే నమ్ముకున్న కౌలు రైతు, కూలీ పరిహారం జాబితాలోకి రావచ్చు గానీ, ఒప్పుకుంటారా అని వాళ్లను అడగాల్సిన పని లేదు. క్లైడీ చేతిలో కాగితం ఉంది కనుక ఆమె ‘వద్దు’ అంటే డెవలపర్ బెదిరింపులకు దిగాల్సి వచ్చింది. మన పల్లెల్లో దున్నేవాళ్లలో ఎంతోమందికి ఆ కాగితం లేదు. అంగీకారం లెక్కించేటప్పుడు కౌలు రైతు పేరు కూడా రాయాలని చట్టాన్ని సవరించడం శాసనసభల చేతిలో పని.