కోనసీమ పచ్చదనం ప్రింటర్‌కి ఎందుకు ఎక్కదు?

ముహూర్తాలు మొదలయ్యాయంటే మామిడికుదురు చుట్టుపక్కల పెళ్లికార్డు డిజైన్ పని ఇంట్లో కుర్రాళ్ల మీదే పడుతోంది. అప్పనపల్లి దగ్గర వైనతేయ గట్టున తీసిన ఫొటో, వెనక కొబ్బరిచెట్లు, పక్కన వరిచేను. ఫోన్‌లో చూస్తే కళ్లకి చల్లగా ఉంటుంది. ఐదొందల కార్డులు చేతికొచ్చాక చూస్తే ఆ చేను కాస్తా వాడిన తమలపాకు రంగులోకి తిరిగి ఉంటుంది. తిట్లన్నీ ప్రింటింగ్ ప్రెస్ అన్నయ్యకే! పాపం, చాలాసార్లు ఆయన తప్పేమీ ఉండదు.

ఫోన్ రంగుని వెలుగుతో చేస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ప్రింటర్ సిరాతో చేస్తుంది: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. సిరా వెలుగుని మింగుతుందే తప్ప ఇవ్వదు. అందుకే లేత వరిమడి పచ్చ కాగితం మీదకి పూర్తిగా రాదు. పసుపుకి ఇబ్బంది లేదు, దానికి విడిగా సిరానే ఉంది. ముదురు నీలం మాత్రం ఊదాలోకి జారిపోతుంది. ఇంతవరకూ మనం చేయగలిగింది తక్కువ.

చేయగలిగింది ఫైలు దగ్గరుంది. ఫొటోలోని అంకెలు ఏ రంగుని చెబుతున్నాయో తెలిపే చీటీ లాంటిది కలర్ ప్రొఫైల్. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీనే ఇప్పటికీ ఎక్కువగా వాడతాం. ఐఫోన్ అయితే డిస్‌ప్లే పీ3లో తీస్తుంది. దారిలో ఆ చీటీ ఊడిపోతే అవతలి కంప్యూటర్ ఊహించుకోవాల్సిందే. కాబట్టి వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

ఇంట్లో ప్రింట్ తీసుకునేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇంకోచోట. ఫొటోషాప్‌లో రంగుల బాధ్యత ఫొటోషాప్‌కే ఇచ్చారా, అయితే ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేయాలి. లేదంటే అమ్మ ఉప్పేసిన పప్పులో అత్తయ్య మళ్లీ ఉప్పేసినట్టే. గ్లాసీ పేపర్ పెట్టి సెట్టింగ్‌లో ప్లెయిన్ అని వదిలేసినా రంగు పాడవుతుంది, ఎందుకంటే ఎంత సిరా వదలాలో డ్రైవర్ నిర్ణయించేది కాగితాన్ని బట్టే.

డిజైన్ చూసేటప్పుడు ఫోన్‌లో నైట్ లైట్, వివిడ్ మోడ్ ఆపేయండి, బ్రైట్‌నెస్ సగానికి దించండి. డిజిటల్ ప్రింట్ అయితే అదే మెషిన్ మీద, అదే కాగితం మీద ఒక్క కార్డు తీయించి, షాపు బయటికొచ్చి పగటి వెలుగులో చూడండి. మొహమాటం అక్కర్లేదు. ఆఫ్‌సెట్‌లో ఒక్క కార్డు కోసం ప్లేట్లు చేయించడం గిట్టుబాటు కాదు. అలాంటప్పుడు మెషిన్ మీద మొదటి షీట్లు దిగే టైముకి వెళ్లి పక్కన నిలబడండి. సిరా పెంచాలన్నా తగ్గించాలన్నా అప్పుడే కుదురుతుంది.